తిరగబడ్డ చెవి గుర్తు

ఐస్‌లాండు ఉత్తర కొసన, థోకుదాల్ లోయలో, గొర్రె చెవి తడిమి అది ఎవరిదో చెప్పడంలో అల్దీస్‌ను మించినవాళ్ళు లేరు. ఈ మాట లోయంతా అంటుంది. అల్దీస్ ఇంకాస్త గట్టిగా అంటుంది. అరవై మూడు కమతాల గుర్తులు ఆమెకు కంఠతా వచ్చు. కుడి చెవికి కొన కోతా, ఎడమ చెవికి వెనక గాటా, చీలికా, చిల్లా, ఏది దేనితో కలిస్తే ఎవరి గొర్రె అవుతుందో కళ్ళు మూసుకుని చెబుతుంది. గుర్తుల పుస్తకం అచ్చేసి ఇంటింటికీ పంచుతారు. అల్దీస్ ఇంట్లో ఆ పుస్తకం కుంటి కుర్చీ కాలికింద ఉంది.

అలాంటి అల్దీస్ ఈ వసంతంలో పప్పులో కాలేసింది. మామూలుగా వేయలేదు, మోకాలి దాకా వేసింది.

మే నెలాఖరు. గొర్రెలు ఈనే రోజులు. మూడు వారాలుగా ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు, ఒంటినిండా మాత్రం కాన్పు మాయ వాసన. ఆ పొద్దున ఫ్లేకా ఈనింది. ఫ్లేకా అంటే ఉన్నికీ మాంసానికీ పెంచే గొర్రె కాదు, మందకు ముందు నడిచే జాతి. పొడుగాటి కాళ్ళు, బక్కపలచటి ఒళ్ళు, నలుపు మీద తెల్ల మచ్చలు, మనిషిని నిలబెట్టి ప్రశ్నించేలాంటి చూపు. చలికాలంలో మంద బీట్లో మేస్తుంటే, మంచు తుఫాను రాబోతోందని ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే దానికి తెలిసిపోతుంది. తల ఎత్తి ఓసారి గాలి పీల్చి ఇంటి దారి పడుతుంది. మిగతా నూట అరవై నోరు మూసుకుని వెనకే వస్తాయి.

అల్దీస్ వాళ్ళ కమతం హోల్ట్. లోయ మొగదల, గాలికి అడ్డమన్నది లేని చోట ఉంది. అక్కడ ముందు నడిచే గొర్రె లేకుండా చలికాలం గడపడమంటే మందను దేవుడికి వదిలేసినట్టే. ఫ్లేకాకు పదకొండేళ్ళు, పళ్ళు సగం ఊడాయి. ఇన్నేళ్ళూ కన్నవన్నీ పొట్టేళ్ళే. ఈసారి, ఇదే ఆఖరు అనుకున్న కాన్పులో, అచ్చం తల్లిని దింపినట్టు ఆడపిల్ల పుట్టింది. అల్దీస్‌కు సంతోషం పట్టలేదు. ఆ సంతోషంలోనే కత్తి తీసింది.

పిల్లకు గుర్తు కోసేటప్పుడు దాని వీపు మన పొట్టకు ఆనాలి. ఇద్దరూ ఒకే వైపు చూడాలి. అప్పుడు దాని కుడే మన కుడి. ముప్పై ఏళ్ళుగా అల్దీస్ అలాగే కోసింది. ఆ రోజు మాత్రం, ఆ మచ్చల మొహం చూసి మురిసిపోతూ, పిల్లను తన వైపు తిప్పుకుని కోసింది. కుడికి పడాల్సిన కొన కోత ఎడమకు పడింది. ఎడమకు పడాల్సిన గాటు కుడికి పడింది.

ఎవరికీ చెందని పిచ్చి గుర్తు అయినా కొంత నయం. ఖర్మ కొద్దీ అది పక్క కమతం బక్కి వాళ్ళ గుర్తు. తాతల నాడు హోల్టూ బక్కీ ఒకటే. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు అన్న తండ్రి గుర్తును ఉంచేసుకున్నాడు, తమ్ముడు అదే గుర్తును కుడి ఎడమలు మార్చి పెట్టుకున్నాడు.

పిల్లను తల్లితో పచ్చికలోకి వదిలాక, అది ఎదురుగా గెంతుకుంటూ వస్తుంటే అల్దీస్ చెవులు చూసింది. గుండె గుభేలుమంది.

"గ్రీముర్! ఓ గ్రీముర్! ఎక్కడ చచ్చావ్?"

మొగుడు గ్రీముర్ పైపు నోట్లో పెట్టుకుని, బకెట్టు చేత్తో పట్టుకుని కొట్టంలోంచి వచ్చాడు.

"దాని చెవులు చూడు."

చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు. పైపును నోటి ఈ మూల నుంచి ఆ మూలకు మార్చాడు. "బక్కి వాళ్ళ పిల్ల మన ఫ్లేకా వెంట ఎందుకు తిరుగుతోంది?"

"అది మన పిల్లే."

"మరి గుర్తు?"

"నేనే కోశాను. నోరెత్తావంటే చూడు."

గ్రీముర్ మంచివాడు. నోరెత్తలేదు. కొట్టం వెనక్కి పోయి గోడకు ఆనుకుని, పైపు చేత్తో పట్టుకుని, కడుపు నొప్పొచ్చేదాకా నవ్వుకుని తిరిగొచ్చాడు.

"మళ్ళీ కోసి సరిచేస్తే?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"కోత మీద కోత కోసేది గొర్రెల దొంగలు. నా చేత ఆ పని చేయిస్తావా?"

"అయితే ఊరుకో. సెప్టెంబర్లో తల్లి వెంటే దిగుతుందిగా. తల్లి పొదుగు కింద ఉన్న పిల్ల చెవులు ఎవడు చూస్తాడు?"

ఆ మాట నిజమే. అల్దీస్ ఆ మాటనే పట్టుకుని వేసవంతా గడిపింది. జూన్‌లో లోయ గొర్రెలన్నీ కలగలిసి కొండలెక్కాయి. అల్దీస్ గడ్డి కోసింది, ఎండబెట్టింది, వానకు తడిస్తే తిట్టింది, మళ్ళీ ఎండబెట్టింది. పొద్దున లేవగానే మాత్రం కొండ వైపు చూసి, "ఫ్లేకా తల్లీ, బతికుండవే," అనుకునేది.

సెప్టెంబరు రెండో వారంలో గుర్రాల మీద పద్దెనిమిది మంది కొండలకు పోయి, మూడు రోజులు గాలించి మందలను కిందికి దింపారు. వాళ్ళ నాయకుణ్ణి లోయలో కొండరాజు అంటారు. ఈ ఏడూ స్టుర్లాయే కొండరాజు. కిరీటం లేదు గాని ముక్కు పొడి కొమ్ముబుర్ర ఉంది, అరిస్తే మూడు గుట్టలు పలికే గొంతు ఉంది.

గొర్రెలను వేరు చేసే దొడ్డి నది పక్కన ఉంటుంది. మధ్యలో గుండ్రటి రాతి ఆవరణ, దాని చుట్టూ కమతానికో గది. అందరి గొర్రెలనూ మధ్యలోకి తోలి, చెవులు చూసి, కొమ్ములు పట్టుకుని, ఎవరివి వాళ్ళు తమ గదిలోకి ఈడ్చుకుపోవాలి. ఆ రోజు లోయలో ఇంట్లో ఉండేవాళ్ళు ఉండరు. పాదిరిగారు కూడా ప్యాంటు బూట్లలోకి దోపి దిగుతారు. ఆడవాళ్ళు గోడ పక్కనే మాంసం చారు కాస్తారు. మగవాళ్ళు అటు పాటా ఇటు సీసా ఎత్తుకుంటారు.

అల్దీస్ అందరికంటే ముందే వచ్చి హోల్ట్ గది తలుపు తీసి పెట్టి, గోడెక్కి కూచుంది. కళ్ళు నది అవతలే ఉన్నాయి.

స్టుర్లా గుర్రం దిగి తిన్నగా ఆమె దగ్గరికే వచ్చాడు. ఎప్పుడూ అరిచేవాడు ఇప్పుడు మెల్లిగా మాట్లాడాడు.

"ఫ్లేకా పోయిందమ్మా. పైన నల్లరాళ్ళ పగుల్లో పడింది. మేం చూసేసరికే వారం అయినట్టుంది." కోటు జేబులోంచి గుడ్డలో చుట్టిన రెండు చెవులు తీసి ఇచ్చాడు. కొండమీద చచ్చిన గొర్రెకు సాక్ష్యంగా చెవులు తేవడం వాళ్ళ పద్ధతి. "నీకు దాని మీద ఎంత ప్రాణమో నాకు తెలుసు."

అల్దీస్ చెవులు జేబులో పెట్టుకుంది. ఏడుపొచ్చింది. ఏడవడానికి మాత్రం తీరిక లేదు. "దాని పిల్ల?"

"అదా! దిగేటప్పుడు మందకంతా అదే ముందు నడిచింది. వేలెడంత లేదు, నాకే దారి చెబుతోంది. ఇంకేం, నీ అదృష్టం అలా ఉంది."

అల్దీస్‌కు మతి పోయినంత పనైంది. తల్లి లేదు. ఒంటరి పిల్ల ఎవరిదో చెవి చెప్పాల్సిందే. ఆ చెవి ఏం చెబుతుందో తనకు తెలుసు.

ఇంతలో మంద వచ్చేసింది. మూడు వేల గొర్రెలు నది దాటి, అరుపులతో, బురదతో, కుక్కలతో, దొడ్డిలోకి వరదలా దిగాయి. అన్నిటికన్నా ముందు ఆ మచ్చల పిల్ల తలెత్తుకుని వస్తోంది, పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలాగా. అల్దీస్ గోడ మీంచి దూకింది. యాభై రెండేళ్ళ మనిషి అలా దూకకూడదు. బురదలో జారింది, లేచింది. ఓ పొట్టేలు వెనక నుంచి కుమ్మితే మళ్ళీ పడింది.

"ఏమిటే ఆ తొందర! గొర్రెలు పారిపోతాయా?" చారు కలుపుతున్న ఆడవాళ్ళు నవ్వారు.

ఆమె కళ్ళలోని బురద తుడుచుకుని చూసేసరికి పిల్ల దొరికిపోయింది. దొరికింది ఎవరికో కాదు, బక్కి ఇల్లుగికే. ముప్పై నాలుగేళ్ళవాడు, ఎర్ర గడ్డం, మితభాషి. తండ్రి పోయాక ఒక్కడే కమతం చూసుకుంటున్నాడు. అలవాటుగా చెవులు తడిమాడు. చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ తడిమాడు. తర్వాత తలెత్తి పిలిచాడు.

"అల్దీస్! ఓసారి ఇలా రా."

దొడ్డిలో ఎవరైనా అల్దీస్‌ను పిలిచారంటే గుర్తు దగ్గర అనుమానం వచ్చిందని అర్థం. వెంటనే పదిమంది మూగారు. ఆమె నోట్లోంచి తీర్పు ఊడిపడటం చూడటం వాళ్ళకు సరదా. స్టుర్లా కూడా కొమ్ముబుర్రతో వచ్చి నిలబడ్డాడు.

"ఏమిటి సంగతి?"

"ఏం లేదు," అన్నాడు ఇల్లుగి. "ఈ గుర్తు చదవమంటున్నాను. అంతే."

"చదివేదేముంది? ఫ్లేకా కూతురని గుడ్డివాడు కూడా చెబుతాడు," అన్నారెవరో.

"మచ్చలు నేనూ చూశాను. చెవులు చదవమంటున్నాను."

గ్రీముర్ జనంలోంచి దూరి వచ్చి పెళ్ళాం చెవిలో గొణిగాడు. "ముళ్ళ తీగలో చిక్కి తెగాయని చెప్పు. నేను చూశానంటాను."

చెప్పొచ్చు. నమ్ముతారు కూడా. అల్దీస్ చెబితే ఎవరు నమ్మరు? అక్కడే ఉంది చిక్కంతా. ముప్పై ఏళ్ళలో చదివిన చెవులన్నీ ఆమె కళ్ళముందు బారులు తీరాయి. ఈ ఒక్క చెవి అబద్ధం చదివితే అవన్నీ ఏమవుతాయి? పిల్ల ఆమె చెయ్యి నాకింది. చలికాలం గుర్తొచ్చింది, హోల్ట్ బీడు గుర్తొచ్చింది, అక్కడ వీచే గాలి గుర్తొచ్చింది.

రెండు చెవులూ వేళ్ళ మధ్య పట్టుకుంది.

"ఎడమకు కొన కోత. కుడికి వెనక గాటు. బక్కి."

స్టుర్లా ముక్కు పొడి పట్టబోతున్నవాడల్లా ఆగాడు.

"బక్కి ఎలా అవుతుంది?" అన్నాడు స్టుర్లా.

"కోసింది నేను గనక! పిల్ల మాదే. గుర్తు తిరగబడింది. నేనే, ఈ చేత్తోనే, తప్పు కోశాను. చాలా? ఇంకా గట్టిగా చెప్పనా?"

అప్పుడు పుట్టినంత నవ్వు థోకుదాల్ లోయ ఎన్నడూ వినలేదు. స్టుర్లా పట్టిన ముక్కు పొడి గాలికి పోయింది. పాదిరిగారు గొర్రె మీదే కూలబడ్డారు.

"కుర్చీ కింద నుంచి ఆ పుస్తకం తియ్యవే అల్దీస్!"

"గ్రీముర్, రేపటి నుంచి ఏ బూటు ఏ కాలిదో నువ్వే చెప్పాలయ్యా!"

"పాదిరిగారూ, పెళ్ళినాడు ఉంగరం ఏ చేతికి తొడిగిందో చూశారా? కొంపదీసి పెళ్ళి చెల్లదేమో!"

"చెల్లకపోతే ఇప్పుడే చెప్పండి," అన్నాడు గ్రీముర్, "నాకూ తెలియాలిగా."

అల్దీస్ మొహం కందగడ్డయింది. మామూలుగా అయితే ఒక్కొక్కడికీ వాడి తాత దగ్గర్నుంచి జవాబు చెప్పేది. ఇప్పుడు లంగాకు అంటిన బురద గీక్కుంటూ నిలబడింది. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోతోంది.

నవ్వు సద్దుమణిగాక స్టుర్లా చెయ్యెత్తాడు. "కొండరాజుగా చెప్పాల్సింది చెబుతున్నాను. గుర్తు గుర్తే. తల్లి లేదు గనక చెవి చెప్పిందే ఖాయం. ఈ పిల్ల బక్కిది. కాకపోతే, ఇల్లుగి మనసు పడి వదులుకుంటే కాదనేవాళ్ళు లేరు. ఏమంటావు ఇల్లుగీ?"

ఇల్లుగి ఒక్కడే నవ్వలేదు. పిల్లను చంకలో ఎత్తుకున్నాడు. "అల్దీస్‌తో కాస్త మాట్లాడాలి," అని బక్కి గదిలోకి నడిచాడు.

గది మూలన ఎత్తు గోడ చాటున ఫ్లాస్కు ఉంది. మూతలో కాఫీ పోసి ఇచ్చాడు. ఆమె పుచ్చుకుంది.

"ఎగతాళి చెయ్యాలంటే చేసెయ్," అంది. "అందరూ చేశారు, నీ వంతే మిగిలింది."

"దాని మొహం నీ వైపు తిప్పుకుని కోశావు. అవునా?"

అల్దీస్ కాఫీ తాగడం ఆపింది. "నీకెలా తెలుసు?"

"నేనూ అలాగే కోశాను గనక." గడ్డం గోక్కున్నాడు. "పదకొండేళ్ళ కిందట. నాన్న కత్తి నా చేతికిచ్చిన మొదటి వసంతం. అంతకు వారం ముందే తూర్పు నుంచి ఓ ముందు నడిచే గొర్రెను కొన్నాను, మంచి గుర్రం ఇచ్చి. నాన్న నెల రోజులు తిట్టాడు. అది దూరపు గుట్టలో ఈనింది. పిల్లను నేను తప్ప ఎవరూ చూడలేదు. మోకాళ్ళ మీద కూచుని, దాని మొహం చూసుకుంటూ కోశాను. ఆ వేసవిలోనే తల్లి నదిలో కొట్టుకుపోయింది. ఒంటరిగా దిగిందా పిల్ల. ఇదే దొడ్డి. నువ్వు పట్టుకున్నావు, చెవి తడిమావు, హోల్ట్ అన్నావు."

అల్దీస్‌కు ఆ శరదృతువు కళ్ళకు కట్టింది. ఆ ఏడు తమ చారల గొర్రె ఒకటి కొండ దిగలేదు. దాని పిల్లే అనుకుంది. కాళ్ళు పొడుగ్గా ఉన్నాయేమిటా అనిపించింది గాని, అదృష్టం తలుపు తడితే కాళ్ళు కొలుస్తామా అనుకుంది.

"ఫ్లేకా," అంది.

"ఆఁ, ఫ్లేకా."

ఆమె చెయ్యి తనంతట తనే జేబులోకి పోయింది. గుడ్డలో చెవులున్నాయి. వేళ్ళతో కోత అంచు తడిమింది. నిజంగా తడిమింది, పదకొండేళ్ళలో మొదటిసారి. కోత ఏటవాలుగా పోయింది. తను కోస్తే నిలువుగా పోతుంది, గ్రీముర్ కోస్తే అంచు రంపంలా ఉంటుంది. ఏటవాలు కోత లోయలో ఒక్క బక్కి వాళ్ళదే. అరవై మూడు కమతాల చేతులు తెలిసిన మనిషికి తన కొట్టంలో, తన చేతి కింద, రోజూ గడ్డి తిన్న గొర్రె చెవి చదవడం తెలియలేదు.

"ఎందుకు చెప్పలేదురా?" అంది అల్దీస్.

"నాన్న గోడ మీద కూచుని చూస్తున్నాడు. నా గుర్తు నేనే తప్పు కోశానని ఆయన ముందు, లోయ ముందు చెప్పనా? ఇప్పుడు నిన్ను చూశాను కదా ఎలా నవ్వారో. నీకు యాభై దాటాయి. అప్పుడు నాకు ఇరవై మూడు."

"అయిదేళ్ళ కిందట, ఆ ఫిబ్రవరి తుఫానులో..."

"నలభై ఏడు పోయాయి. నాలుగు రోజులు కర్రలు గుచ్చుకుంటూ మంచు తవ్వాను."

ఆ తుఫానుకు గంట ముందే ఫ్లేకా హోల్ట్ మందనంతా కొట్టం చేర్చింది. ఒక్కటీ పోలేదు. అల్దీస్ పొగ పెట్టిన మాంసమూ రొట్టెలూ మూటగట్టుకుని బక్కి వెళ్ళి ఇల్లుగిని ఓదార్చింది. ఓదార్చి ఊరుకోలేదు. "ముందు నడిచే గొర్రెను పెంచుకోవయ్యా, ఎన్నిసార్లు చెప్పాలి?" అని పాఠం కూడా చెప్పింది. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి, గోడలో తలదూర్చుకోవాలనిపించింది.

"ఇందాక నన్నెందుకు పిలిచావు? ఊరికే పిల్లను ఈడ్చుకుపోతే సరిపోయేదిగా."

"అబద్ధం చెబుతావేమో చూద్దామనుకున్నాను. చెప్పుంటే ఈ సంగతి నాతోనే పోయేది. నువ్వు చెప్పలేదు." పిల్లను ఆమె ముందు దించాడు. "తీసుకుపో అల్దీస్. నీ కమతం గాలిలో ఉంది, నాకు వెనక గుట్టైనా ఉంది. నాకు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది, చెప్పుకున్నాను. ఈ మాట మాత్రం ఈ గోడ దాటకూడదు. నీకు దండం పెడతాను."

అల్దీస్ పిల్లను చూసింది. పిల్ల ఆమెను చూసింది, అదే తల్లి చూపు. ఎత్తుకుని పోవచ్చు. ఇచ్చేవాడు ఇస్తున్నాడు, ఊరు సరే అంటుంది, చలికాలం గట్టెక్కుతుంది. ఆమెకు ఆ పిల్ల కావాలి, ఎంత కావాలంటే పళ్ళు బిగబట్టుకుంది. కాఫీ ఆఖరి గుక్క తాగి, మూత తిరగేసి దులిపి, ఇల్లుగి చేతికిచ్చింది. ఒంటరిగా గదిలోంచి బయటికొచ్చి తలుపు గడియ పెట్టింది.

"ఏం తేలింది?" స్టుర్లా అరిచాడు.

"తేలేదేముంది? నువ్వే చెప్పావుగా. గుర్తు గుర్తే. పిల్ల బక్కిది."

జనం గొల్లుమన్నారు, ఈసారి నవ్వుతో కాదు. "సిగ్గులేదూ ఇల్లుగీ! అందరికీ తెలిసి ఉంచుకుంటావా?" "ఇచ్చెయ్యవయ్యా!"

"వాడి మీద పడతారేం?" అల్దీస్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇస్తానన్నాడు. బతిమాలాడు. నేనే వద్దన్నాను. ముప్పై ఏళ్ళు మీ అందరికీ గుర్తు గుర్తే అని చెప్పి, నా పిల్ల దగ్గరికొచ్చేసరికి మాట మారుస్తానా? ఇంక పని చూడండి, ఇంకా రెండు వేల గొర్రెలు మిగిలున్నాయి!"

"పొగరు చూశావూ," అన్నారు వెనక. "ఆ పొగరుకి మందను తాకట్టు పెట్టింది." అల్దీస్ పక్కనున్న గొర్రె చెవి తడమసాగింది. గోడ చాటున ఇల్లుగి ఫ్లాస్కు మూత చేత్తో పట్టుకుని, నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు.

గ్రీముర్ పైపు తీసేశాడు. ఆయన పైపు తీశాడంటే కోపం వచ్చిందని అర్థం. "చలికాలం ఏం చేద్దామని?"

"ఏదో చేద్దాం."

"ఏదో అంటే?"

"ఏదో అంటే ఏదోనే. ఎందుకని అడక్కు గ్రీముర్. ఈ ఒక్కటీ అడక్కు."

పాతికేళ్ళ కాపురంలో ఆమె అలా బతిమాలుకోవడం గ్రీముర్ వినలేదు. ఆమె మొహంలోకి కాసేపు చూసి, పైపు మళ్ళీ నోట్లో పెట్టుకుని, ఓ గొర్రె కొమ్ములు పట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి వేరు చేయడం అయిపోయింది. చారు తాగి, పాటలు పాడి, ఎవరి మందలతో వాళ్ళు బయల్దేరారు. హోల్ట్, బక్కి మందలు నది దాకా ఒకే దారిన పోవాలి. రేవు దగ్గర ఎప్పుడూ ముందు నీళ్ళలోకి దిగేది ఫ్లేకాయే. ఈసారి హోల్ట్ గొర్రెలు ఒడ్డున నిలబడి, నీళ్ళను చూసి, ఒకదాన్నొకటి చూసుకుని, మూకుమ్మడిగా వెనక్కి తిరిగాయి. గ్రీముర్ తోలాడు. కుక్క మొరిగింది. గొర్రెలు కదల్లేదు. కాస్త దిగువన బక్కి మంద, వేలెడంత మచ్చల పిల్ల వెనక బారు కట్టి, అప్పుడే నీళ్ళలోకి దిగుతోంది.

ఇల్లుగి గుర్రం మీంచి ఇటు చూశాడు. దారిన పోయే గుర్రాల వాళ్ళంతా వింటున్నారు. వాళ్ళ మధ్య ఉన్నాడు గనక వాళ్ళలాగే ఏదో ఒకటి అనాలని కాబోలు, గట్టిగా అరిచాడు.

"ఎడమ పక్కకి తోలు అల్దీస్! ఎడమంటే ఏదో చూపించమంటావా?"

గుర్రాల వాళ్ళు పడీ పడీ నవ్వారు. అల్దీస్ నాలుక చివరికి జవాబు వచ్చేసింది. ఒక్క మాట చాలు. ఆ మాటతో వీళ్ళంతా ఇటు నవ్వడం మానేసి అటు నవ్వుతారు, ఇల్లుగి ముసలివాడయ్యేదాకా నవ్వుతారు. అన్నాక ఇల్లుగికీ అది తట్టినట్టుంది. కళ్ళెం పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది, మొహం పాలిపోయింది. ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడు.

అల్దీస్ ఆ మాటను మింగేసింది. జన్మలో మింగని మనిషి, ఎలా మింగాలో తెలియక కళ్ళ నీళ్ళొచ్చాయి.

"ఏ పక్కైతేనేం!" అని అరిచింది. "కాస్త మెల్లిగా నడిపించు. మావి మీ వెనక వస్తాయి."

ఇల్లుగి గుర్రాన్ని ఆపాడు. మచ్చల పిల్ల కూడా నీళ్ళ మధ్యలో ఆగి వెనక్కి చూసింది. గ్రీముర్ కుక్కను ఉసిగొలిపాడు. హోల్ట్ మందలో ఒకటి కదిలింది, తర్వాత ఇంకొకటి, తర్వాత అన్నీ దిగువకు పరిగెత్తి బక్కి గొర్రెల తోకలు పట్టుకున్నాయి. రెండు మందలూ ఒకే తాడులా నది దాటడం మొదలుపెట్టాయి.

"అల్దీస్!" ఇల్లుగి గొంతు ఇప్పుడు మామూలుగా ఉంది. "చలికాలం కూడా ఇలాగే కలిపి మేపుదామా?"

"అడుగుతున్నావా, పిలుస్తున్నావా?"

"పిలుస్తున్నాను."

"అయితే వస్తాం," అంది అల్దీస్. లంగా మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, చలికి ఒకటే తిట్లు తిట్టుకుంటూ, గొర్రెల వెనక నీళ్ళలోకి దిగింది.